బీరువాకు తాళం ఉంది, లాప్‌టాప్‌కు?

రెండేళ్ళ కిందట మా కార్యకర్త ఒకరు ఆసిఫాబాద్ వైపు గూడేల్లో మూడు రోజులు తిరిగి, కేసుల వివరాలు రాసుకుని, రాత్రి బస్సులో కరీంనగర్‌కు తిరిగి వస్తున్నారు. మంచిర్యాల బస్టాండులో చాయ తాగడానికి దిగి మళ్ళీ ఎక్కేసరికి సీటు మీద పెట్టిన సంచీ కనిపించలేదు. అందులో ఒక చీర, మందుల చీటీ, సగం తిన్న సకినాల పొట్లం, సంఘం లాప్‌టాప్ ఉన్నాయి. మర్నాడు ఆఫీసులో అందరం కూర్చుని మొదట మాట్లాడుకున్నది డబ్బు గురించే. కొత్తది కొనాలంటే ఎంతవుతుంది, ఏ పద్దులో రాయాలి, ఆడిటర్‌కు ఏం చెప్పాలి అని. అందులో అయిదేళ్ళ కేసు ఫైళ్ళు ఉన్నాయన్న సంగతి ఎవరికీ గుర్తు లేక కాదు. "పాస్‌వర్డ్ ఉంది కదా" అని ధైర్యంగా ఉన్నాం.

ఆ ధైర్యం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. మా కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడు వచ్చి, మూల పడి ఉన్న పాత లాప్‌టాప్ ఒకటి బల్ల మీద బోర్లించి, స్క్రూలు విప్పి, డిస్క్ బయటికి తీసి, ఒక చిన్న తీగతో తన కంప్యూటర్‌కు తగిలించాడు. పాస్‌వర్డ్ అడగనే లేదు. మేం ఎప్పుడో రాసి మరిచిపోయిన నివేదికలు, ఫోటోలు, వైద్య పరీక్షల కాగితాలు వరుసగా తెర మీదికి వచ్చాయి. చెరిపేశామనుకున్నవి కూడా కొన్ని వచ్చాయి. "గా పాస్‌వర్డ్ ముందటి తలుపుకు గొళ్ళెం అసొంటిది మేడం. ఇంటికి ఎనుక గోడ లేదు" అన్నాడు. ఇంత సూటిగా ఆ సంగతి మాకు ఏ శిక్షణా శిబిరంలోనూ ఎవరూ చెప్పలేదు.

ఫైళ్ళలో ఉన్న స్త్రీలలో అందుబాటులో ఉన్నవారికైనా స్వయంగా వెళ్ళి చెప్పాలని ఆ రాత్రి నిర్ణయించుకున్నాం. అది తేలిక నిర్ణయం కాదు. చెప్పకపోతే వాళ్ళకు తెలియదు, మన పరువూ పోదు అన్న మాట మాలోనే ఒకరి నోట వచ్చింది. వెళ్ళాం. ఒకామె బీడీలు చుడుతూ తల ఎత్తకుండానే అంతా విని, "అండ్ల నా పేరు రాసిన్రా?" అని ఒక్క మాట అడిగింది. రాశాం. పేరు, ఇంటిపేరు, ఊరు, ఫోను నెంబరు, భర్త గల్ఫ్‌లో ఉండగా మామ ఏం చేశాడో, ఎన్నాళ్ళు చేశాడో, అన్నీ రాశాం. ఆ లాప్‌టాప్ ఇప్పటికీ దొరకలేదు. ఎత్తుకుపోయినవాడు బహుశా డిస్క్ తుడిచేసి అమ్ముకుని ఉంటాడు. ఆ 'బహుశా' మీద ఆమె బతుకును ఆధారపెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు?

కాగితం ప్రమాదమని ఈ ప్రాంతంలో పాత తరం కార్యకర్తలకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన నాటి నుంచి పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో సోదాలు మామూలయ్యాయి. డైరీలో పేరు దొరికితే ఆ పేరుగల మనిషి ఇంటి ముందు జీపు ఆగేది. అందుకే పేరుకు బదులు గుర్తు రాసుకోవడం, చదివిన ఉత్తరాన్ని పొయ్యిలో వెయ్యడం వాళ్ళకు అలవాటు. మనం కాగితం నుంచి కంప్యూటర్‌కు మారాం గానీ ఆ అలవాటు మనతో రాలేదు. బీరువాలో పట్టే కాగితాలన్నీ ఇప్పుడు ఒక భుజం సంచీలో పడతాయి. బీరువాకు తాళం వేసి, చెవి కొంగున ముడి వేసుకునే మనం, ఆ సంచీని బస్సు సీటు మీద పెట్టి చాయ తాగడానికి దిగుతున్నాం.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 2019 నవంబరులో లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి సరుకులు అమ్ముకు బతికే ఒక దళిత స్త్రీపై అత్యాచారం చేసి చంపారు. ఆదిలాబాద్‌లోని ప్రత్యేక కోర్టు 2020 జనవరిలో ముగ్గురికి శిక్ష వేసిన ఆ కేసును లోకం 'సమత' కేసుగా ఎరుగును. అది ఆమె పేరు కాదు. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం. పాత శిక్షాస్మృతిలో 228ఎ సెక్షన్, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్ ఆ మాటే చెబుతున్నాయి. రెండేళ్ళ దాకా జైలు. 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, బాధితురాలి పేరున్న కాగితాలను పోలీసులు వీలైనంతవరకు సీలు వేసిన కవరులో ఉంచాలని ఆదేశించింది. ఆ ఆదేశం పోలీసులకు. మరి పోలీసుల కంటే ముందు ఆమె ఎవరి దగ్గరకు వస్తోంది? మన దగ్గరకు. మన కవరుకు సీలు ఏది?

హెచ్.ఐ.వి. సోకిన వారితో పనిచేసే సంస్థలకైతే 2017 చట్టంలోనే ఆ సమాచారాన్ని కాపాడే ఏర్పాట్లు చేసి తీరాలన్న నిబంధన ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తగిన జాగ్రత్త తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించవచ్చునంటుంది. 2025 నవంబరులో వచ్చిన నియమాలు ఎన్‌క్రిప్షన్‌ను పేరుపెట్టి ప్రస్తావించాయి. ఇదే చట్టం ప్రభుత్వ శాఖలకు మినహాయింపులిచ్చి, సమాచార హక్కు చట్టాన్ని కుదించింది. దానిపై మన అభ్యంతరం అలాగే ఉంది. కానీ ప్రభుత్వం తన బాధ్యత తప్పించుకుంటోంది కదా అని మన బాధ్యత తప్పదు.

'ఎవరికి కావాలి మన ఫైళ్ళు?' అని అడిగేవాళ్ళున్నారు. రాజ్యం నిఘా గురించి మనం చాలా మాట్లాడతాం, మాట్లాడాలి కూడా. కానీ గృహహింస కేసులో సాక్ష్యం కావలసింది ముందు ఎవరికి? భర్తకు, అతని అన్నకు, అతని తరఫున పంచాయితీ చేసే పెద్దమనిషికి. వాళ్ళు ఢిల్లీలో ఉండరు. లాప్‌టాప్ బాగుచేయించే దుకాణం పక్క వీధిలోనే ఉంటారు. ఒక్కొక్కసారి కార్యకర్త ఇంట్లోనే ఉంటారు. పాతదాన్ని ఇచ్చేసి కొత్తది తెచ్చుకునేటప్పుడు మనం ఎవరికి ఏం ఇచ్చేస్తున్నామో ఆలోచించామా?

డిస్క్ ఎన్‌క్రిప్షన్ అంటే ఆ వెనక గోడ కట్టడం. డిస్క్ మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ ఒక రహస్య సంఖ్య సాయంతో చెదరగొట్టి రాస్తుంది. ఆ సంఖ్య మన పాస్‌వర్డ్‌తో మాత్రమే తెరుచుకుంటుంది. స్క్రూలు విప్పి డిస్క్‌ను ఇంకో యంత్రానికి తగిలిస్తే అర్థంలేని గిలుకుడే కనిపిస్తుంది. ఒకసారి పెట్టుకున్నాక రోజూ మనం చెయ్యవలసింది యంత్రం తెరిచేటప్పుడు ఆ మాట కొట్టడమే. పని నెమ్మదిస్తుందన్న భయం ఈనాటి లాప్‌టాప్‌ల విషయంలో అక్కరలేదు.

ఏది ఎంచుకోవాలి? కంపెనీ కంప్యూటర్ విభాగాల వాళ్ళు రాసే సలహాలు మన పరిస్థితికి సరిపోవు. మన లాప్‌టాప్‌లు ఎక్కువగా దాతలిచ్చినవి, పాతవి. విండోస్ హోమ్ రకంవి. కొన్నింటిలో ఉన్న విండోస్ ఎక్కడి నుంచి వచ్చిందో అడగకపోవడమే మర్యాద.

విండోస్ ప్రో రకం ఉంటే అందులోనే బిట్‌లాకర్ ఉంది. అదే తేలిక మార్గం. అయితే దాన్ని ఉన్నది ఉన్నట్టు పెట్టుకుంటే యంత్రం తనంతట తానే తాళం తీసుకుని విండోస్ పాస్‌వర్డ్ దగ్గర ఆగుతుంది. తెరవగానే ముందు ఒక పిన్ అడిగేలా సెట్టింగు మార్పించుకోవడం మేలు. విండోస్ హోమ్‌లో చాలా కొత్త యంత్రాలకు 'డివైస్ ఎన్‌క్రిప్షన్' అని అదే తాళం చిన్నరూపంలో ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితేనే అది నిజంగా పనిచేస్తుంది. అప్పుడు దాని రికవరీ కీ, అంటే 48 అంకెల మారుతాళం, ఆ కంపెనీ దగ్గర ఉన్న మన ఖాతాలోకి వెళ్తుంది. దొంగ నుంచి, దుకాణం నుంచి అది కాపాడుతుంది. కోర్టు కాగితం పట్టుకుని కంపెనీ దగ్గరకు వెళ్ళేవాళ్ళ నుంచి కాపాడదు. ఇది తెలిసి వాడితే తప్పు లేదు. ఏమీ లేకపోవడం కంటే వెయ్యి రెట్లు నయం.

వెరాక్రిప్ట్ ఉచితం. దాని లోపలి రాత అందరూ చూడవచ్చు. విండోస్ ఏ రకమైనా డిస్క్ మొత్తానికి తాళం వేస్తుంది. మారుతాళం ఎవరి దగ్గరకూ పోదు. పెన్‌డ్రైవ్‌లకూ అదే వాడవచ్చు. పెట్టుకునే రోజు మాత్రం తెలిసినవాళ్ళు పక్కన ఉండాలి, ముందుగా అన్ని ఫైళ్ళకూ వేరే డిస్క్ మీద నకలు తీసుకోవాలి. పూర్వం కొన్ని శిక్షణల్లో ట్రూక్రిప్ట్ అని ఒకటి నేర్పారు. దాన్ని తయారుచేసినవాళ్ళే 2014 మేలో ఇక దీన్ని నమ్మవద్దని చెప్పి ఆపేశారు. ఎవరి పెన్‌డ్రైవ్‌లోనైనా అది ఇంకా ఉంటే మార్చేయండి. లినక్స్‌కు మారగలిగినవాళ్ళకు ఇన్‌స్టాల్ చేసే రోజునే 'డిస్క్ ఎన్‌క్రిప్ట్ చెయ్యాలా' అని అడుగుతుంది, అవునంటే చాలు. విండోస్ 10కు 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. దానితో నడుస్తున్న పాత యంత్రాలకు లినక్స్ మంచి దారి. తెలుగులో లినక్స్ కోసం పనిచేసిన స్వేచ్ఛ సంస్థ లాంటి వాళ్ళు మన రాష్ట్రంలోనే ఉన్నారు, అడగడానికి మొహమాటం వద్దు. ఆపిల్ లాప్‌టాప్ ఉన్న అదృష్టవంతులు ఫైల్‌వాల్ట్ వేసుకోవచ్చు.

మేం ఏం చేశామంటే, ప్రో ఉన్న ఒక్క యంత్రానికి బిట్‌లాకర్, మిగతా రెండింటికి వెరాక్రిప్ట్. ఇదే సరైనదని కాదు. మీకు ఏది రోజూ వాడటం కుదురుతుందో అదే సరైనది.

అసలు చర్చ మాకు సాఫ్ట్‌వేర్ మీద జరగలేదు, తాళంచెవి మీద జరిగింది. మాలో పెద్దావిడ ఒకరు గట్టిగా వ్యతిరేకించారు. "నేను రేపు పోతే ఈ ఆడవాళ్ళ సాక్ష్యం నాతో పాటు కాలిపోవాలా?" అన్నారు. ఆమె మాటలో న్యాయం ఉంది. ఎన్‌క్రిప్షన్‌కు జాలి లేదు. పాస్‌వర్డ్, మారుతాళం రెండూ పోతే ఆ ఫైళ్ళను ఎంత డబ్బిచ్చినా ఎవరూ తెరవలేరు. మరో సంగతి కూడా ఆమె ఎత్తిచూపారు. చెవి ఒక్కరి దగ్గరే ఉంటే ఆ ఒక్కరూ సంఘానికి యజమాని అవుతారు. ఇప్పటికే చాలా సంస్థల్లో కంప్యూటర్ పాస్‌వర్డ్ తెలిసిన ఏకైక మనిషి, అకౌంట్లు చూసే మగ ఉద్యోగి. ఆడవాళ్ళు నోరు విప్పి చెప్పిన బాధ అంతా ఒక మగవాడి జ్ఞాపకంలో ఉన్న మాటతో తెరుచుకోవడం, మూసుకోవడం. అతను మంచివాడే కావచ్చు. ప్రశ్న అది కాదు. 'ఇవి మనకు రావులే' అని మనమే అతని చేతిలో పెట్టాం.

చివరకు ఇలా ఒప్పుకున్నాం. ఒక్కో యంత్రం పాస్‌వర్డ్ దాన్ని వాడే ఇద్దరికి తెలుస్తుంది. మారుతాళం వివరాలు రెండు ప్రతులుగా తీసి, రెండు కవర్లలో పెట్టి, అంటించిన చోట ముగ్గురం సంతకాలు చేశాం. ఒకటి కరీంనగర్‌లో, ఒకటి మంచిర్యాలలో, వేర్వేరు సభ్యుల ఇళ్ళలో ఉంది. లాప్‌టాప్ ఉన్న సంచీలో ఆ కాగితం ఎప్పుడూ ఉండకూడదు. ఎవరైనా సంఘం వదిలి వెళ్తే ఆ వారంలోనే మాటలు మారుతాయి. నెలకోసారి నకలు తీసే డిస్క్‌కు కూడా తాళం ఉంటుంది. అది లేకపోతే మిగతా శ్రమంతా వృథా.

పాస్‌వర్డ్ గురించి ఒక మాట. పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరం, సమ్మక్క, సారక్క, రాజన్న, ఇవన్నీ మనల్ని ఎరిగినవాడు మొదటి పది ప్రయత్నాల్లో కొట్టేస్తాడు. సామెతలూ పనికిరావు, అవి అందరివీ. నిఘంటువును కళ్ళు మూసుకుని ఆరుచోట్ల తెరిచి, వేలు పడ్డ మాటలు ఆరూ వరుసగా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. సంబంధంలేని ఆరు తెలుగు మాటలు గుర్తుపెట్టుకోవడం మనకు కష్టం కాదు. మా పెద్దావిడే అందరికంటే ముందు కంఠస్థం చేశారు. వాటిని కలిపి ఆమె ఒక పాట కూడా కట్టారు. పైకి పాడవద్దని బతిమాలుకోవలసి వచ్చింది.

ఇక ఈ తాళం చెయ్యలేనిది ఏమిటో కూడా తెలియాలి. యంత్రం నడుస్తున్నంతసేపు తాళం తీసే ఉంటుంది. మూత మూసి నిద్రపుచ్చినా అంతే. ప్రయాణం ముందు పూర్తిగా ఆపాలి. మెయిల్‌లో పంపిన కాపీకి, వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఎఫ్.ఐ.ఆర్. ఫోటోకు దీనితో సంబంధం లేదు. ఇంకొకరి సర్వర్ మీద ఉన్నదానికీ లేదు. తెలంగాణ పోలీసుల 'హాక్ ఐ' యాప్ నుంచి 2024లో సుమారు రెండు లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. ఆపదలో పంపిన ఎస్.ఓ.ఎస్. పిలుపులు, ఒంటరి ప్రయాణాల వివరాలు అందులో ఉన్నాయి. స్త్రీల రక్షణ కూడా ఆ యాప్ ఉద్దేశాల్లో ఒకటి.

తెరిచి ఉన్న యంత్రంలోకి దొంగదారిన వచ్చేవాటిని కూడా ఇది ఆపలేదు. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ లాప్‌టాప్‌ను పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక మనం తెలుసుకోదగినది. వరవరరావు మెయిల్ ఖాతా నుంచి 2016 జూన్‌లో వచ్చిన ఒక ఉత్తరంలోని జోడింపును తెరవడంతో ఎవరో లోపలికి చొరబడ్డారని, 2018 ఏప్రిల్‌లో పోలీసులు యంత్రాన్ని స్వాధీనం చేసుకునే దాకా సుమారు 22 నెలలు అందులోనే ఉండి, ఆయన ఎన్నడూ తెరవని ఉత్తరాలను ఒక దాచిన ఫోల్డర్‌లో పెట్టారని ఆ నివేదిక చెప్పింది. దర్యాప్తు సంస్థ దాన్ని ఒప్పుకోలేదు. మనకు తెలిసినవారి పేరుతో వచ్చిన జోడింపునైనా తెరిచేముందు ఒక ఫోను చెయ్యడం మంచిది.

పోలీసులు లాప్‌టాప్ తీసుకుపోతే? రాష్ట్రంలో రచయితల, హక్కుల సంఘాల వాళ్ళ ఇళ్ళలో, 2018 ఆగస్టులోనూ 2021లోనూ సోదాలు జరిగి ఫోన్లు, లాప్‌టాప్‌లు స్వాధీనమయ్యాయి. పాస్‌వర్డ్ చెప్పమని బలవంతపెట్టవచ్చా అన్నదానిపై కోర్టులు ఒక్క మాట మీద లేవు. 2021లో కర్ణాటక హైకోర్టు, పాస్‌వర్డ్ చెప్పడం తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యమివ్వడం కిందికి రాదంది. 2022లో ఢిల్లీలో ఒక సి.బి.ఐ. కోర్టు బలవంతపెట్టరాదంది. సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షన్ కింద ఇచ్చిన ఆదేశానికి సహకరించకపోతే ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. పరికరాల స్వాధీనానికి మార్గదర్శకాలు ఉండాలని 2023 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. కాబట్టి అక్కడికక్కడ వాదించడం కంటే, వకీలు వచ్చాకే మాట్లాడతామని చెప్పండి. స్వాధీనం చేసుకున్న ప్రతిదాని పంచనామా, డిస్క్ హాష్ విలువ రాయించి తీసుకోండి. ఆ సంఖ్య ఉంటే తర్వాత ఒక్క అక్షరం మారినా బయటపడుతుంది.

పోయిన లాప్‌టాప్‌లోని కేసులన్నీ మళ్ళీ రాస్తున్నాం. ఈసారి ఫైళ్ళలో పేర్లు లేవు, నెంబర్లే ఉన్నాయి. ఏ నెంబరు ఎవరిదో తెలిపే జాబితా వేరే డిస్క్‌లో, వేరే తాళం కింద ఉంది. పని నెమ్మదిగా సాగుతోంది. కొందరు రెండోసారి చెప్పడానికి ఇష్టపడలేదు. బీడీలు చుట్టే ఆమె ఇంకా ఆలోచించి చెబుతానంది. మా బీరువాలో 2009 నుంచి పోగుపడిన పెన్‌డ్రైవ్‌లు, సీడీలు ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి. వాటిలో ఏముందో మాకూ సరిగా తెలియదు. మీ ఆఫీసులోనూ అలాంటి డబ్బా ఉండే ఉంటుంది. వచ్చే త్రైమాసిక సమావేశంలో మొదటి పూటంతా ఈ పనికే కేటాయించాం. లాప్‌టాప్, చార్జర్, ఖాళీ డిస్క్ ఒకటి, ఆ డబ్బా తీసుకురండి.